ముగ్గు కింది గుర్తు

రాత్రి పాళీ దిగి బుచ్చిరాములు గల్లీ మలుపు తిరిగేసరికి ఎండ గోడల మీదికి ఎక్కింది. చెవుల్లో ఇంకా లూములు కొట్టుకుంటూనే ఉన్నాయి. సూరత్‌లో మరమగ్గాల షెడ్డును ఖాతా అంటారు. ఖాతాలో రాత్రంతా నిలబడి వచ్చిన మనిషికి ఇల్లు చేరాక కూడా కాసేపటిదాకా ఎవరి మాటా సరిగా వినపడదు. బుచ్చిరాములుకు అదొక సుఖం. మాట వినపడకపోతే జవాబు చెప్పే పని లేదు.

మలుపులోనే ఆగిపోయాడు. కరెంటు స్తంభం మొదట్లో పెద్ద ముగ్గు వేసి ఉంది.

శుక్రవారం పూట ముగ్గు కనపడటం వింత కాదు. భేస్తాన్‌లోని ఈ గల్లీ అంతా కోరుట్ల, మెట్‌పల్లి వైపు నుంచి వచ్చినవాళ్ళే. ఊరు వదిలి ఎన్నేళ్ళైనా ఇక్కడి ఆడవాళ్ళు శుక్రవారం వాకిట్లో సాంపి చల్లి ముగ్గు పెట్టనిదే పొయ్యి ముట్టించరు. కానీ స్తంభం కింద ఎవరు ముగ్గు వేస్తారు? ఇంకొంచెం ముందుకు పోతే మురుగు మోరీ మూత పక్కన ఇంకో ముగ్గు. ఆగయ్య కిరాణా కొట్టు మూలన మరొకటి. దేని ముందూ గడప లేదు.

బుచ్చిరాములు గుర్తుపట్టాడు. అవి నిన్న మధ్యాహ్నం తన బిడ్డ సున్నంతో గుర్తులు పెట్టిన చోట్లు.

హారతి యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చివరి ఏడు చదువుతోంది. ఆ చదువు పేరు పొడుగు. అడిగినవాళ్ళకు బుచ్చిరాములు ‘పైకెల్లి తీసిన ఫోటోలు చూసి కింద నేల సంగతి చెప్పే చదువు’ అని చెప్పేవాడు. అంతకు మించి అడిగితే తువ్వాల దులుపుకుని లేచిపోయేవాడు. ఆ పిల్ల ఎత్తుకున్న పని మాత్రం అతనికి బాగానే అర్థమైంది. గల్లీ అవతల ఖాడీ పారుతుంది. ఊరి మురికినీ వాననీ మోసుకుపోయే వాగు అది. ఏటా వానాకాలం గల్లీ మునుగుతుంది. ఎటునుంచి మునుగుతుంది, ఎందుకు మునుగుతుంది అన్నదే హారతి తేల్చాల్సింది.

“ఉపగ్రహం ఫోటోలు సాలవా బిడ్డా?” అని ఒకనాడు తనంతట తానే అడిగాడు. ఆ మాటకే హారతి ముఖం వెలిగిపోయింది.

“ఆకాశం కెల్లి చూస్తే మన గల్లీ ఒక గీత లెక్క కనపడ్తది బాపూ. మీటరు ఎత్తు తేడా దానికి ఆనది. మనకేమో జానెడు ఎత్తుల్నే మునుగుడు. అందుకే డ్రోను ఎగిరేసి దగ్గర కెల్లి తియ్యాలె.”

డ్రోను తీసిన ఫోటోలను కుట్టి ఒకటి చేస్తారట. కుట్టినదాన్ని నేల మీద సరిగ్గా కూర్చోబెట్టాలంటే నేల మీద కొన్ని గుర్తులుండాలి, పైనుంచి కనపడాలి. అందుకని నిన్న హారతి, ఆమెతో చదివే గుజరాతీ పిల్ల ధ్రువి, గల్లీలోనూ వెనక రోడ్డు మీదా అక్కడక్కడ సున్నంతో శిలువల్లాంటి గుర్తులు గీశారు. రెండు గీతలు కలిసేచోట పొడుగాటి కర్ర నిలబెట్టి, దాని తలమీది యంత్రంతో ఆ చోటు ఎక్కడుందో, ఎంత ఎత్తుందో కొలిచి రాసుకున్నారు. యంత్రం సాయంత్రానికే తిరిగి యూనివర్సిటీకి పోయింది, ఇక కొత్త గుర్తులు పెట్టి కొలవడం కుదరదు. డ్రోను ఎగరేయడానికి అనుమతి ఈ ఒక్క పొద్దుటికే ఉంది. మబ్బులు దిగుతున్నాయి. ఇవాళ కాకపోతే మళ్ళీ వానాకాలం దాటాలి, అంటే హారతి చదువు ఇంకో ఏడాదికి పోతుంది.

నిన్న సాయంత్రం ధ్రువి వాళ్ళింటికి బయల్దేరుతూ హారతి తండ్రికి చెప్పింది. “బ్యాటరీలు గిట్ల చార్జి పెట్టుకొని పొద్దుగాల ఆడికెల్లే వస్తం బాపూ. అందరు డ్యూటీకి పోయిండ్రు, బాపమ్మ గుడికాడున్నది. గల్లీల వాళ్ళకు నువ్వే జర చెప్పు. ఆ గుర్తులు మనయే అని, తొక్కినా ఏంగాదు గని చెరపొద్దని.”

బుచ్చిరాములు తలూపాడు. డబ్బా సర్దుకుని బయటికి వచ్చాడు. తల్లి కనకవ్వ ఇంకా గుడి నుంచి రాలేదు. కొట్టు దగ్గర ఆగయ్య కనపడ్డాడు. చెబుదామనే అనుకున్నాడు. ఆగయ్య గిరాకీతో మాట్లాడుతున్నాడు. మాట్లాడేవాళ్ళ మధ్యలో దూరి చెప్పడం బుచ్చిరాములుకు చేతకాదు. సున్నం గీతల్ని ఎవరేం చేస్తారులే అనుకుని ఖాతాకు పోయాడు.

ఇప్పుడు ఇంటి ముందుకు వచ్చాడు. కనకవ్వ అరుగు మీద కూర్చుని ముగ్గుపిండి అంటిన వేళ్ళు కొంగుకు తుడుచుకుంటోంది. కోడలు ప్రమీల చెల్లెలి పురుడని పల్సానా పోయినప్పటి నుంచీ ఇంటి పెత్తనం మళ్ళీ ఆమె చేతికి వచ్చింది. మనిషి హుషారుగా ఉంది.

“అవ్వా, గీ ముగ్గులు ఎవలేసిండ్రు?”

“నేనే ఏపిచ్చిన. మొత్తం గల్లీకి నేనే ఏపిచ్చిన.” గొంతు తగ్గించింది. “నీకు తెల్వదు గావచ్చు. నిన్న మనమెవలం లేనప్పుడు ఎవలో వచ్చి గల్లీ అంత గుర్తులు పెట్టిపోయిండ్రు కొడుకా. మూలింటి మంగ ఆ గీతలు సూశింది. పోయినేడు ఖాడీ అవతల వాళ్ళక్క ఇంటికాడ గిట్లనే ఎర్ర రంగు పూశిపోయిండ్రు, ఎనుకనే జేసీబీ వచ్చి ఇండ్లు కూలగొట్టె.”

బుచ్చిరాములు చేతిలోని డబ్బాను అరుగు మీద పెట్టాడు.

“మంగ చీపిరి పట్టుకొని రుద్దుతా అన్నది. నేనే వద్దన్న. సర్కారోళ్ళ గుర్తు చెరిపితే కేసయితది. ముగ్గేస్తే ఏం కేసయితది? శుక్కురారం ముగ్గు ఏసుకున్నం, అంతే. గుర్తు మీదనే నడుమ చుక్క పెట్టి ఏసుకుంట రమ్మన్న. ఇగ వాళ్ళొచ్చి ఎతుక్కోనీ.” కనకవ్వ నవ్వింది. “ఎట్లుంది నా తెలివి?”

“అవి హారతియే అవ్వా.”

కనకవ్వ నవ్వు అక్కడే ఆగింది. “ఏంది?”

“గుర్తులు. హారతే పెట్టింది. మీకు చెప్పుమన్నది. నేను చెప్పలే.”

ముసలామె మళ్ళీ కొంగుకు వేళ్ళు తుడుచుకుంది. “నువ్వు పుట్టినప్పుడు గూడ ఏడ్వలేదు రా,” అంది. “మంత్రసాని కాళ్ళు పట్టుకొని తలకిందులు చేసి కొడితే అప్పుడు ఓసారి కుయ్యిమన్నవు.”

ఆటో వచ్చి ఆగింది. హారతి, ధ్రువి నల్లటి పెట్టె ఒకటి పట్టుకుని దిగారు. ధ్రువి ముగ్గుల్ని చూసి “అరే వాహ్, కిత్నా సుందర్ హై” అని మెచ్చుకుంటూ ఫోను తీసింది. హారతి మాత్రం స్తంభం వైపు, మోరీ వైపు, కొట్టు మూల వైపు ఒకదాని తర్వాత ఒకటి చూసింది. తరువాత తండ్రిని చూసింది. తిట్టినా బాగుండేదనిపించింది బుచ్చిరాములుకు.

“బిడ్డా, గవి నీయని నాకు తెల్వది,” అంది కనకవ్వ. లేచి ఎదురు వచ్చింది. “చెరపలే. ఒక్కటి గూడ చెరపలే. కిందనే ఉన్నయి.”

హారతి స్తంభం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. నిజమే. సున్నం గీతలు ఎండి గట్టిపడి అలాగే ఉన్నాయి. కానీ వాటి మీద నుంచీ చుట్టూరా ముగ్గుగీతలు తెల్లగా అల్లుకుపోయాయి. నిలబడి చూస్తేనే గుర్తేదో ముగ్గేదో తెలియడం లేదు. పైనుంచి ఏం తెలుస్తుంది?

“తుడిచేద్దాం, పది నిమిషాల పని,” అని ధ్రువి హిందీలో అంటూ చుట్టూ చీపురు కోసం చూసింది. అప్పటికి నలుగురైదుగురు ఆడవాళ్ళు గడపల్లోకి వచ్చి నిలబడ్డారు. ఆమె వెతికేది చీపురేనని అందరికీ అర్థమైంది. ఒక్కరూ కదలలేదు.

“శుక్కురారం ఏసిన ముగ్గు ఏసిన చేత్తోని ఊడుస్తరా ఎవలన్న?” అంది వాళ్ళలో పెద్దదైన నర్సవ్వ. “నడిచేటోళ్ళ కాళ్ళకు పోవాలె, గాలికి పోవాలె. పొద్దుగాలనే ఊడిస్తే ఇంట్ల ఏమన్న నిలుస్తదా?”

“నేను ఊడుస్త పెద్దమ్మా. నా పనికే కదా,” అంది హారతి.

“నువ్వయితే అసలే వద్దు. పరీచ్చలున్న పిల్లవు.”

ఇంతలో మంగ వచ్చింది. ఖాడీ మూలనున్న చివరి ఇల్లు ఆమెది. చీరల మీద రాళ్ళు అంటించే పని మధ్యలో లేచి వచ్చినట్టుంది, వేలికొనలు జిగురుతో మెరుస్తున్నాయి. హారతిని చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పిన మనిషి. ఇవాళ చేతులు కట్టుకుని దూరంగా నిలబడింది.

“అయితే నువ్వేనా గీతలు గీసింది? రాత్రంత నిద్రలేదు నాకు,” అంది. “సరే, నీ పటం అయిందనుకో. దాంట్ల మా ఇల్లు మునుగుతదని ఉంటది. అవునా?”

“నీళ్ళొస్తయని ఉంటది చిన్నమ్మా.”

“అది ఎవలకిస్తవు?”

“మా మేడంకు. తర్వాత ఆఫీసోళ్ళు అడుగుతే వాళ్ళకు.”

“ఆఫీసోళ్ళు పటం పట్టుకొని ఎవలింటికి వస్తరు? నా ఇంటికే వస్తరు. ఇండ్లు పోవని మాటిస్తవా నువ్వు?”

హారతి తల వంచుకుంది. “ఇయ్యలేను చిన్నమ్మా. నా పటంల ఎవల పేర్లు ఉండయి. నీళ్ళు ఏడ పుట్టి ఎటు పోతయో గంతే ఉంటది. దాన్ని చూసి ఎవలేం చేస్తరో నాకు తెల్వది.”

ఆ పిల్ల అబద్ధం చెప్పి ఉంటే పని జరిగిపోయేది. చెప్పలేదు. బుచ్చిరాములు బిడ్డ మెడ మీద చెమట చూశాడు, పెట్టె పిడిని పట్టుకున్న వేళ్ళు చూశాడు. నిన్ననే అందరికీ ఆ మాట చెప్పాల్సింది తను. తడబడుతూనే గల్లీ మధ్యకు నడిచాడు.

“నిన్న బిడ్డ నన్ను చెప్పుమన్నది,” అన్నాడు. లూముల మధ్య మాట్లాడే అలవాటుకు గొంతు పెద్దగా వచ్చింది. ఆ గొంతు విని ఆగయ్య కొట్టులోంచి తల బయటపెట్టాడు. “అందరికి చెప్పుమన్నది. నేను చెప్పలే. తప్పు నాది, దానిది గాదు.”

అంతటితో ఆపుతాడనుకున్నారు. ఆపలేదు.

“మంగా, పోయిన వానకు నీ ఇంట్లకు నీళ్ళు యాడికెల్లి వచ్చినయి?”

“యాడికెల్లేంది అన్నా? ఖాడీల కెల్లి.”

“కాదు. ఆనాడు నేను డ్యూటీ దిగి వస్తుంటే సూశిన. ఖాడీ దిక్కు నీ గడప పొడిగనే ఉన్నది. నీళ్ళు ఎనుక రోడ్డు మీది కెల్లి వచ్చి నీ కిటికీ కింది కెల్లి దూరినయి.”

మంగ కట్టుకున్న చేతులు విడిపోయాయి. “మరి అప్పుడే చెప్పవైతివి?”

“నువ్వు అడగలే.”

నర్సవ్వ ముందు నవ్వింది. తరువాత అందరూ నవ్వారు. మంగ మాత్రం నవ్వలేదు కానీ ముఖం కొంచెం సడలింది.

“ఏటేటా ఖాడీ దిక్కే కట్ట ఎత్తు చేస్తున్నరు,” అన్నాడు బుచ్చిరాములు. “నీళ్ళేమో ఎనుక కెల్లి వస్తున్నయి. నేను సూశిన అంటే ఎవలు నమ్ముతరు? నాకే ఒక్కోపారి నమ్మబుద్ది కాదు. కొలిచి చూపెడితే చూస్తరేమో.”

“చూడకపోతే?” అంది మంగ.

“చూడకపోతే చూడరు.”

అతను జీవితంలో ఒక్క పూట ఇన్ని మాటలు మాట్లాడింది తన పెళ్ళినాడైనా లేదు. మంగ వెనక్కి తిరిగి తన ఇంట్లోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది.

కనకవ్వ ఈ మాటలేవీ పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. ధ్రువి చేయి పట్టుకుని పక్కకు తీసుకుపోయింది. తనకు వచ్చిన హిందీలోనూ రాని హిందీలోనూ అడిగింది, పైనుంచి ఆ గుర్తు ఎట్లా కనపడాలి అని. ధ్రువి ఫోనులో బొమ్మ తీసి చూపించింది. నలుచదరం, దాంట్లో నాలుగు గదులు. ఎదురెదురు గదులు రెండు ముదురు రంగు, మిగతా రెండు తెలుపు. నాలుగూ కలిసే నడి బిందువే కావాల్సింది.

కనకవ్వ ఫోనును దూరం జరిపి, దగ్గరికి జరిపి చూసింది. “గింతేనా?” అంది. “ఊడువుమంటే ఊడువను. నింపుమంటే నింపుత. నర్సవ్వా, బతుకమ్మకు తెచ్చిన రంగులు మిగిలినయా నీ కాడ?”

“ఉన్నయి. నల్లది గూడ ఉన్నది.”

“శుక్కురారం నల్లదేంది, తీ అవుతల. ఎర్రది తే. ముదురుది.”

హారతి ధ్రువి వైపు చూసింది. ధ్రువి ఒక్క క్షణం ఆలోచించి, “లాల్ భీ చలేగా, బా,” అంది, ఎరుపైనా నడుస్తుందని.

“చలేగా అంటుంది, సూశిండ్రా? ఇగ కదులుండ్రి.”

ఆ తరువాత గల్లీని ఆపడం ఎవరి తరమూ కాలేదు. స్టీలు డబ్బాలు, ప్లాస్టిక్ సంచులు, పాత చాయ్ గ్లాసులు బయటికి వచ్చాయి. హారతి ఒక్కో ముగ్గు దగ్గర కూర్చుని కింది సున్నం గీతల్ని వేలితో పట్టి చూపిస్తుంటే, ఆ గీతల మధ్య గదుల్ని ఎదురెదురుగా ఎరుపుతో నింపుతున్నారు. ఖాళీ గదుల్లో తెల్ల ముగ్గుపిండి ఒత్తుగా పోస్తున్నారు. గదులు మునివేళ్ళతో కాదు, పిడికిళ్ళతో నిండుతున్నాయి. చెరపకుండానే కింది గుర్తు మళ్ళీ పైకి లేచింది. నర్సవ్వ అలవాటు కొద్దీ అంచున పసుపు చుక్కలు పెట్టబోతే హారతి ఆమె చేయి పట్టుకుంది.

“అందం వద్దు పెద్దమ్మా.”

“అందం వద్దనే చదువు ఏం చదువే?” అంది నర్సవ్వ. అయినా డబ్బా మూత పెట్టేసింది.

బుచ్చిరాములుకు కళ్ళు మండుతున్నాయి. ఈపాటికి చద్ది తిని పడుకుని ఉండాల్సినవాడు, గల్లీ మొగదల నిలబడి స్కూటర్లను ఆపుతున్నాడు. “జర నూకుకుంట పోండ్రి, ముగ్గున్నది,” అని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు. ఒకసారి నోరు తెరిచాక చెప్పడం అంత కష్టమేమీ కాదని తెలిసింది. పెద్ద రుచిగానూ లేదు.

చివరి గుర్తు మంగ ఇంటి మూలనుంది. దాని మీద మంగ పొద్దున వేసిన ముగ్గు అలాగే ఉంది. తలుపు తెరుచుకోలేదు. కనకవ్వ ఎర్రరంగు గ్లాసు పట్టుకుని అటు కదిలింది.

“వద్దు బాపమ్మా,” అంది హారతి. “అది చిన్నమ్మ ముగ్గు. ఆమె ఏసుకున్నదాంట్ల మనం చెయ్యి పెట్టద్దు. అది లేకుంటనే ఎగిరేద్దాం.”

“ఆ ఒక్కటి లేకపోతే నడుస్తదా?”

“నడుస్తది. ఆ మూల ఎత్తు గంత నికరంగ రాదు.”

సమయం దాటిపోతోంది. పడమట హజీరా వైపు మబ్బు చిక్కబడింది. ధ్రువి పెట్టె తెరిచి నాలుగు రెక్కల డ్రోనును రోడ్డు మీద పెట్టింది. అది జుమ్మని లేచేసరికి గల్లీ అంతా తలలు పైకెత్తింది. కనకవ్వ కొంగు నెత్తి మీదికి లాక్కుంది. డ్రోను అటు చివరి నుంచి ఇటు చివరికి, మళ్ళీ ఇటు నుంచి అటు, మగ్గంలో బద్ధకం లేని నాడె లాగా ఒకే తీరున నడుస్తోంది. బుచ్చిరాములు దాని నడక చూసి తృప్తిపడ్డాడు. వరస తప్పడం లేదు.

హారతి చేతిలోని తెర మీద ఎండ పడుతుంటే అతను తువ్వాల విప్పి ఆమె తల మీదుగా నీడ పట్టాడు. ఆ తువ్వాల కిందికి ఆడవాళ్ళంతా దూరారు. తెర మీద గల్లీ పోతోంది. రేకులు, నీళ్ళ టాంకీలు, ఆరేసిన చీరలు, వాటి మధ్యన ఎర్రగా తెల్లగా ఒక్కో ముగ్గు.

“గది నాది. ఏరుపడ్తున్నది చూడు,” అంది నర్సవ్వ.

“నీదేంది, అది కొట్టు మూలది. నేనేసిన,” అంది కనకవ్వ. “అగో, మన టాంకీ మూత ఊడిపోయున్నది రా కొడుకా.”

“మా ఇల్లేది?”

వెనక నుంచి వచ్చిన ఆ గొంతు మంగది. ఎప్పుడు తలుపు తీసుకుని వచ్చిందో ఎవరూ చూడలేదు. హారతి పక్కకు జరిగి చోటిచ్చింది. తెర మీద ఖాడీ నల్లగా వచ్చింది. దాని పక్కన మంగ రేకుల ఇల్లు, దాని వెనక రోడ్డు. రోడ్డు పొడుగునా తారు ఒక వైపుకు వాలినట్టు పాత నీటి మరకలు కనిపించాయి. అవన్నీ వచ్చి మంగ కిటికీ కింద ఆగాయి.

మంగ తెర మీదికి వంగింది. “అన్న చెప్పింది నిజమే,” అంది మెల్లగా. తరువాత, “నా ముగ్గు కనపడ్తలేదేంది?” అంది.

“కనపడ్తది చిన్నమ్మా. దాంట్ల నడుమ ఏదో తెలుస్తలేదు, గంతే.”

“ఎత్తు తప్పు వస్తదా?”

“జర అటిటు అయితది.”

“మునిగేది నా ఇల్లు. నా ఇంటికాడనే తప్పు రాస్తవా?” అంది మంగ. “దింపు దాన్ని.”

“దానంతట అదే దిగుతది, బ్యాటరీ అయిపోవస్తుంది. ఇంకోటి పెట్టి మళ్ళ ఎగిరేస్తం.”

మంగ కనకవ్వ చేతిలోని గ్లాసు లాక్కుని మూలకు నడిచింది. హారతి వెంట పోయి ముగ్గు కింది గీతలు పట్టి చూపించింది. ఇద్దరూ తలలు దగ్గరగా పెట్టి కూర్చున్నారు. మంగ జిగురు వేళ్ళకు రంగు అంటుకుపోతోంది. ఒక గది నింపాక ఏదో అడిగింది. హారతి లేచి కిటికీ కింద చేయి పెట్టి, రోడ్డు వైపు చూపించి, మళ్ళీ కూర్చుని చెప్పింది. ఏం చెప్పిందో బుచ్చిరాములుకు ఇక్కడికి వినపడలేదు. మంగ తలూపడం మాత్రం కనపడింది.

ధ్రువి కొత్త బ్యాటరీ పెట్టింది. డ్రోను మళ్ళీ లేచింది. మంగ తన ముగ్గు పక్కనే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి పైకి చూస్తోంది.

“చిన్నమ్మా, జర జరుగు. నీ నీడ పడుతున్నది,” అని అరిచింది హారతి.

మంగ రెండడుగులు వెనక్కి వేసి తన గడపలో నిలబడింది. డ్రోను ఆమె ఇంటి మీదుగా పోయి, వెనక రోడ్డు మీదికి తిరిగింది. బుచ్చిరాములు తువ్వాలను ఇంకొంచెం కిందికి దించి, తెర మీద నీడ సరిచేశాడు.